క్యాట్స్‌కిల్ గురుకులం నుండి తెలుగుతెర దాకా

2022 ఆగస్టు 25న విడుదలైన 'లైగర్' చిత్రాన్ని గూర్చి మంచిమాట చెప్పినవారు నాకు తటస్థపడలేదు. పూరి జగన్నాథ్ దర్శకుడు, విజయ్ దేవరకొండ నాయకుడు, రమ్యకృష్ణ అతని తల్లి. తెలుగులోను హిందీలోను ఒకేసారి తీశారు. చూసివచ్చిన మా మనుమడు తలనొప్పి మాత్ర అడిగాడు. నేను మాత్రం ఆ చిత్రాన్ని ఇంకొక కారణాన మరువలేను. ఒకనాడు భూమండలంలోని హెవీవెయిట్ ముష్టియోధులందరిలోనూ మేటి అనిపించుకొన్న మైక్ టైసన్, అరువదికి దగ్గరపడుతున్న వయస్సులో, తెలుగు నాయకునితో పతాకసన్నివేశంలో తలపడింది అందులోనే.

మా చందానగర్‌లో ఇప్పుడు వీధికొక వ్యాయామశాల. వాటిలో ఒకదాని గోడ మీద టైసన్ నిలువెత్తు బొమ్మ ఉన్నది. ఆ బొమ్మ కింద సాయంత్రాలు బరువులెత్తే కుర్రవాళ్లు హైటెక్ సిటీ ఉద్యోగులు. అతడు విజేత అయిన 1986 నాటికి వాళ్లలో చాలామంది పుట్టనైనా లేదు. ఇతడెవరు నాయనా అని అడిగితే "చెవి కొరికినవాడు కదా మాస్టారూ" అన్నాడొకడు. "పులిని పెంచాడు, హ్యాంగోవర్‌లో చేశాడు" అన్నాడింకొకడు. రెండూ నిజాలే. ఐతే ముప్పయ్యేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక నా చూపు ఆ కథలో వేరొకచోట నిలిచిపోయింది. అతనికొక గురువుండేవాడు. ఆ గురువును తలవకుండా టైసన్ చరిత్ర చెప్పడం ద్రోణుణ్ణి తీసివేసి భారతం చెప్పడమే.

కథలోకి పోయేముందు మాటను గూర్చి ఒక మాట. పండితుని అలవాటు, చదువరులు మన్నించాలి. 'ముష్టి' అంటే సంస్కృతంలో పిడికిలి. పిడికిలి పట్టినంత గింజలు కూడా ముష్టియే. కాలక్రమాన తెలుగులో ఆ పిడికెడు గింజల కోసం చేయిచాచడమే ముష్టి ఐపోయింది. కనుక 'ముష్టియుద్ధం' అని పాఠంలో వచ్చినప్పుడల్లా వెనుకబెంచీలో ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు. భాగవత దశమస్కంధంలో కంసుని కొలువులో చాణూరునితో కృష్ణుడు, ముష్టికునితో బలరాముడు తలపడతారు. ఆ ముష్టికుని పేరులోనే పిడికిలి ఉన్నది. విరాటపర్వంలో వంటవాడైన వలలుడు జీమూతమల్లుణ్ణి మట్టుపెట్టే ఘట్టం తిక్కన చేతిలో ఎంత బరువుగా నడిచిందో మీకు తెలియనిది కాదు. దగ్గరికాలంలోనే వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కసు పెట్టి, రొమ్ము మీద ఏనుగును నిలుపుకొని, కలియుగ భీముడనిపించుకొన్నాడు. ఆయన 1942లో కన్నుమూశాడు. తెలుగుతెరకు మాట వచ్చిన 1930ల నాటికి ఆయన వయస్సు యాభై పైమాట. లేకుంటే మన పౌరాణికాలకు మేకప్పు అక్కరలేని భీముడు దొరికేవాడు. పిడికిలికీ పిడికెడు గింజలకూ ఒకే మాట ఎందుకయిందో టైసన్ కథ చదివితే గాని నాకు పూర్తిగా అర్థం కాలేదు. మూసినప్పుడు గుద్దు, తెరిచినప్పుడు యాచన; చేయి అదే.

మైక్ టైసన్ 1966 జూన్ 30న న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. తల్లి ముగ్గురు పిల్లలతో అద్దె కట్టలేక ఇళ్లు మారుతూ మారుతూ బ్రౌన్స్‌విల్ అనే పేటకు చేరింది. పాడుపడిన భవనాలు, మత్తుపదార్థాలు, దొంగతనాలు. అమెరికా అనగానే మన పిల్లలు ఊహించుకొనే అమెరికా కాదు అది. ఈ పిల్లవాడు లావు, కళ్లద్దాలు, పైగా నత్తి. 'స' పలకబోతే నాలుక అడ్డుపడేది. తోటివాళ్లు ఏడిపించేవారు, కొట్టేవారు, అతడు పరుగెత్తేవాడు. పాడుబడ్డ ఇళ్ల మిద్దెల మీద పావురాలను పెంచుకోవడమొక్కటే అతని సంతోషం.

పావురాల పిచ్చి ఎటువంటిదో హైదరాబాదు పాతబస్తీ మిద్దెల మీద సాయంత్రంపూట ఈలలు విన్నవారికి చెప్పనక్కరలేదు. ఒకనాడు తనకంటె పెద్దవాడొకడు ఆ పావురాల్లో ఒకదానిని లాక్కొని, తల తెంచివేశాడు. అంతదాకా పరుగెత్తడమే ఎరిగిన పిల్లవాడు ఆరోజు తిరగబడ్డాడు. తన మొదటి పోరు అదేనని టైసన్ ఎన్నోసార్లు చెప్పుకొన్నాడు. తన పిడికిలిలో ఏమున్నదో అతనికి ఆ పావురం చావు చెప్పింది. కాని ఆ ఎరుక అతణ్ణి బాగుచేయలేదు. జేబులు కొట్టాడు, ఇళ్లలో దూరాడు. పదమూడేళ్లకే 38 సార్లు పోలీసులకు పట్టుబడ్డాడంటారు. చివరకు న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరాన జాన్స్‌టౌన్‌లో ఉన్న ట్రయాన్ అనే బాలుర సంస్కరణశాలకు పంపారు.

అక్కడ బాబీ స్టూవర్ట్ అనే ఉద్యోగి ఉండేవాడు, లోగడ బాక్సింగ్ చేసినవాడు. నేర్పమని అడిగిన కుర్రవాడితో, నడత బాగుపడితేనే, చదువులో ముందుకు పోతేనే అని పంతం పట్టాడు. కొన్ని నెలలు నేర్పాక, వీడికి నేర్పగలవాణ్ణి నేను కాను అని తెలుసుకొన్నాడు. ఈ తెలుసుకోవడం ఎంత అరుదో ఉపాధ్యాయులకు తెలుసు. మంచి శిష్యుడు దొరికితే తన పేరు చెప్పుకొని బ్రతకాలని మనకు ఉండదా? స్టూవర్ట్ తానే ఆ పిల్లవాణ్ణి కారులో కూర్చోబెట్టుకొని, హడ్సన్ నది ఒడ్డునున్న క్యాట్స్‌కిల్ అనే చిన్న ఊరికి తీసుకొనిపోయి ఒక ముసలాయనకు అప్పగించాడు. అది 1980 ప్రాంతం. ఆ ముసలాయన కస్ డి అమాటో.

ఈయనను గూర్చి కొంత విస్తరిస్తాను. 1908లో న్యూయార్కులోని బ్రాంక్స్‌లో ఇటలీవాళ్ల యింట పుట్టాడు. చిన్నతనపు వీధికొట్లాటలో ఒక కంటి చూపు పోయింది. తాను గొప్ప యోధుడు కాలేదు, యోధులను చేశాడు. అమెరికా బాక్సింగును ఒక గుత్తసంస్థ ఏలుతున్న 1950లలో దానికి తలవంచక ఫ్లాయిడ్ ప్యాటర్సన్ అనే కుర్రవాణ్ణి తీర్చిదిద్ది, 1956లో ఇరవైయొక్కేళ్లకే హెవీవెయిట్ విజేతను చేశాడు. అంతకుమునుపు ఆ పీఠం అంత చిన్నవయస్సులో ఎక్కినవారు లేరు. 1965లో హోసే టారెస్ అనే మరొక శిష్యుడు లైట్ హెవీవెయిట్ విజేత అయ్యాడు. అప్పటికి ఆయన పేరు మ్రోగింది గాని చేతిలో డబ్బు నిలువలేదు. 1971లో దివాలా ప్రకటించుకొన్నాడు. ఆపైన క్యాట్స్‌కిల్ చేరి, కమీల్ ఎవాల్డ్ అనే ఆవిడ పెద్ద యింట్లో ఊరూరి పిల్లలను ఉంచుకొని, ఊళ్లో పోలీసుస్టేషను పైఅంతస్తులో వ్యాయామశాల నడుపుతూ ఉండేవాడు. ఇంట్లో భోజనం, పనులలో వంతులు, సాయంత్రం చదువు, ముచ్చట్లు. మన పాతకాలపు వారాలబ్బాయిలు, గురుకులవాసం గుర్తుకువస్తే తప్పు లేదు.

పదమూడేళ్ల టైసన్ మూడు రౌండ్లు ఆడడం చూసి, వీడు ప్రపంచ విజేత కాగలడని ముసలాయన అనేశాడు. అనడమే కాదు, ప్రతిదినమూ ఆ పిల్లవానికి చెప్పాడు. అంతవరకు ఎవరూ ఒక్క మంచిమాట అనని పిల్లవానికి అది ఎంత పని చేసిందో ఊహించుకోండి. ఆయన విద్యలో మొదటి పాఠం గుద్దు కాదు, భయం. భయం నిప్పువంటిది, అదుపులో ఉంటే అన్నం వండుతుంది, తప్పితే ఇల్లు కాలుస్తుంది అని ఆయన బోధ. వీరునికీ పిరికికీ లోపలి భయం ఒక్కటేననీ, వాళ్లు చేసే పనిలోనే భేదమనీ చెప్పేవాడు. నేను పిల్లలకు ఉత్తరకుమారుని ఘట్టం చెప్పేటప్పుడు ఈ మాట తెలిసి ఉంటే బాగుండేది.

రెండవది శైలి. రెండు పిడికిళ్లూ చెక్కిళ్లకు ఆనించి, మోచేతులు డొక్కలకు దగ్గరగా పెట్టుకొని, తలను ఒకచోట నిలువనీయక ఊపుతూ ప్రత్యర్థి చేతుల కిందుగా దూసుకొనిపోవడం. దాగుడుమూతలాడినట్లుంటుందని దానికి 'పీకబూ' అని ముద్దుపేరు. హెవీవెయిట్‌లో ఆరడుగుల పైబడినవారే ఎక్కువ. టైసన్ 5 అడుగుల 10 అంగుళాలు. దూరంనుంచి కొట్టేవాడి చేతిపొడుగు ఇతనికి లేదు, కనుక దగ్గరకు పోక తప్పదు. దగ్గరకు పోయేలోగా దెబ్బ తగలకూడదు. పొట్టితనాన్నే ఆయుధం చేసిన శైలి అది. సాధనలో ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క అంకె ఉండేది. గురువు అంకెలు పిలిస్తే శిష్యుని చేతులు ఆ వరుసలో, ఆలోచన అక్కరలేకుండా, పోయి తగిలేవి. గణాలు వల్లెవేయించే ఛందస్సు తరగతి వంటిదే. నోటికి వచ్చిందాకా వల్లె, వచ్చిన తరువాత పద్యం దానంతటదే నడుస్తుంది.

మూడవది నాకు అన్నింటికంటె వింత. ఆ యింట్లో సినిమాలు చూపేవారు. డి అమాటోకు తోడునీడగా ఉండిన జిమ్ జేకబ్స్ అనే ఆయన దగ్గర, అతని భాగస్వామి బిల్ కేటన్ దగ్గర, ఈ శతాబ్దారంభం నాటి కాదు, గత శతాబ్దారంభం నాటి పోటీల ఫిల్ములు కుప్పలుగా ఉండేవి. ఆ రీళ్లు మేడమీద గదిలో రాత్రులు గిర్రున తిరుగుతూంటే టైసన్ ఒక్కడే గోడకు ఎదురుగా కూర్చొని జాక్ డెంప్సీని, జో లూయిస్‌ను చూసేవాడు. వాళ్ల నడక, వాళ్ల చూపు, వాళ్ల కురుచ క్షౌరం కూడా పట్టుకొన్నాడు. పిమ్మట అతడు బరిలోకి వచ్చినప్పుడు కోటు లేదు, మేజోళ్లు లేవు, నల్ల లాగు, నల్ల బూట్లు. అదంతా ఆ పాత బొమ్మలలోని వేషమే. తెరమీదికి పోవడానికి చాలాముందే అతడు తెరనుంచి దిగివచ్చినవాడన్నమాట.

తల్లి 1982లో చనిపోయింది. డి అమాటో చట్టరీత్యా అతని సంరక్షకుడయ్యాడు.

ఇక్కడిదాకా గురువును మెచ్చుకొంటూ వచ్చాను. ఇప్పుడు మెచ్చుకోలేనిది. ఆ వ్యాయామశాలలో పిల్లలకు నిత్యం నేర్పేవాడు టెడ్డీ అట్లాస్ అనే యువకుడు. పదహారేళ్ల టైసన్ అట్లాస్ భార్య తరఫు చిన్నపిల్లతో, పదకొండేళ్ల పిల్లతో, తప్పుగా ప్రవర్తించాడని, తాను తుపాకి తెచ్చి బెదిరించానని అట్లాస్ తన ఆత్మకథలో రాసుకొన్నాడు. తుపాకి పట్టినవాణ్ణి సమర్థించబోను. ఆపైన జరిగింది ముఖ్యం: క్యాట్స్‌కిల్ నుండి వెళ్లిపోయింది అట్లాస్, ఉండిపోయింది టైసన్. కాబోయే విజేతను డి అమాటో వదులుకోలేదు. బళ్లో కూడా చెల్లుబాటయ్యే లెక్కే ఇది. జిల్లాకు మొదటివాడుగా రాగల పిల్లవాడు తప్పుచేస్తే పిల్లచేష్ట. వెనుకబెంచీవాడు అదే చేస్తే టీసీ. ఆ చిన్నపిల్ల పక్షాన ఆ యింట్లో మాట్లాడింది ఒక్క అట్లాస్. పిల్లవానికి భయాన్ని ఏలడం నేర్పిన మహానుభావుడు ఒకటి నేర్పలేదు, లేదా నేర్పడం వాయిదా వేశాడు. పీఠం ఎక్కాక నేర్పుదామనుకొన్నాడేమో. వ్యవధి దొరకలేదు.

1985 మార్చి 6న ఆల్బనీలో టైసన్ తొలి వృత్తిపోటీ, మొదటి రౌండులోనే ముగిసింది. అదే సంవత్సరం నవంబరు 4న డి అమాటో న్యుమోనియాతో చనిపోయాడు. మరుసటి సంవత్సరం 1986 నవంబరు 22న లాస్‌వేగాస్‌లో ట్రెవర్ బెర్బిక్‌ను రెండవ రౌండులో పడగొట్టి టైసన్ విజేత అయ్యాడు. లేవబోయి మూడుసార్లు తూలిపడిన ఆ బెర్బిక్ సామాన్యుడు కాడు; మహమ్మద్ అలీకి చివరి ఓటమి ఇచ్చినవాడు. టైసన్‌కు అప్పటికి ఇరవై యేళ్ల నాలుగు నెలలు. ముప్పయ్యేళ్లుగా నిలిచిన ప్యాటర్సన్ రికార్డు పోయింది. రెండు రికార్డులూ ఒకే గురువు శిష్యులవి; రెండవది చూడడానికి గురువు లేడు.

తరువాతి మూడేళ్లూ నేను త్వరగా దాటిపోతాను, ఎందుకంటే అవి అందరికీ తెలిసినవే. 1987లో మూడు సంస్థల పట్టాలూ ఒక్కడివే అయినవి. 1988 జూన్ 27న మైకేల్ స్పింక్స్‌తో పోటీ 91 సెకండ్లు నడిచింది. వేలాది మంది తమ కుర్చీ వెతుక్కొని కూర్చొనేలోగా ముగిసిందన్నమాట. ఆ సంవత్సరమే జేకబ్స్ చనిపోయాడు, క్యాట్స్‌కిల్ నుండి వెంటవచ్చిన శిక్షకుడు కెవిన్ రూనీని టైసన్ పంపించివేశాడు, ఏర్పాట్లన్నీ డాన్ కింగ్ చేతికి పోయినవి. అంకెలు పిలిచేవాడు లేకపోతే వల్లె ఎన్నాళ్లు నిలుస్తుంది? 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ అనే, ఎవరూ లెక్కలో వేసుకోని యోధుడు పదవ రౌండులో అతణ్ణి పడగొట్టాడు. పందెంరాయుళ్లు ఒకటికి నలభైరెండు ఇస్తామన్న పోటీ అది. కిందపడిన టైసన్ లేవడానికి ముందు, నేలమీద చేతులతో తడుముకొని, ఊడిపోయిన దంతకవచాన్ని నోటిలో పెట్టుకోబోతాడు. అది సరిగా ఇమడదు, ఒక కొస బయట వేలాడుతూంటుంది. అతని జీవితం మీద తీసిన సినిమాలన్నింటికంటె ఆ పది సెకండ్లు నాకు ఎక్కువ చెప్పినవి.

1992 ఫిబ్రవరిలో ఇండియానాపోలిస్ న్యాయస్థానం అతణ్ణి అత్యాచారనేరంలో దోషిగా తేల్చింది. అంతకుముందు జూలైలో అక్కడొక అందాలపోటీకి వచ్చిన పద్దెనిమిదేళ్ల విద్యార్థిని ఫిర్యాదు చేసింది. ఆరేళ్ల శిక్ష, మూడేళ్లలోపు కారాగారం. తాను ఆ నేరం చేయలేదని టైసన్ అప్పుడూ అన్నాడు, తరువాతా అన్నాడు. పన్నెండుమంది జ్యూరీ వేరుగా అన్నారు. టైసన్ చరిత్ర రాసేవారు దీనిని ఒక పతనంగా, మెట్టుదిగినట్లుగా చెప్పి, వెంటనే జైలులో చదివిన పుస్తకాల వైపు మళ్లిపోతారు. పతనం అతనిది మాత్రమేనా? క్యాట్స్‌కిల్‌లో ఒక పిల్ల, పదేళ్లకు ఇంకొక పిల్ల. ఈ రెంటినీ కలిపే గీత ఒకటి ఉన్నదని నాకు తోస్తుంది. నేను గీయకుండా ఉండలేను.

1995లో బయటికి వచ్చాడు, 1996లో రెండు పట్టాలు మళ్లీ గెలిచాడు, ఆ నవంబరులోనే ఎవాండర్ హోలీఫీల్డ్ చేతిలో ఓడాడు. 1997 జూన్ 28న మళ్లీ అతనితోనే తలపడి చెవి కొరికాడు. ముక్క ఊడివచ్చింది. నెవాడా రాష్ట్రం లైసెన్సు రద్దుచేసి 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2003లో దివాలా ప్రకటించుకొన్నాడు. జీవితంలో 30 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించాడని పత్రికలు లెక్కగట్టిన మనిషి. పులులు, కార్లు, భవంతులు, చుట్టూ చేరిన జనం, పన్నులు. లెక్క ఎటు పోయిందో అతనికే తెలియదు. గురువు దివాలా 1971, శిష్యుని దివాలా 2003. ఒకరు డబ్బును లక్ష్యపెట్టక, ఒకరు డబ్బును లెక్కపెట్టక. 2005 జూన్‌లో కెవిన్ మెక్‌బ్రైడ్ అనే అనామకునితో ఆడుతూ మధ్యలో కూర్చొని, ఇక లేవలేదు. ఇక ఈ ఆటను అవమానించలేనన్న అర్థం వచ్చేలా చెప్పి విరమించుకొన్నాడు.

అప్పుడు మిగిలింది తెర.

బాక్సర్లు నటులు కావడం కొత్త కాదు. 1909లో వాంకూవర్‌లో జాక్ జాన్సన్ వంటి విజేతతో ఆరు రౌండ్లు నిలిచిన విక్టర్ మెక్‌లాగ్లెన్, ఆంగ్లేయుడు, తరువాత హాలీవుడ్ చేరి 'ది ఇన్‌ఫార్మర్' అనే 1935 నాటి చిత్రానికి ఉత్తమనటుడుగా ఆస్కార్ అందుకొన్నాడు. మాక్స్ బేర్ కథ ఇంకా ముచ్చటైనది. 1933లో ఒక చిత్రంలో నిజమైన విజేత ప్రిమో కార్నేరాతో కెమెరా ఎదుట ఉత్తుత్తిగా పోరాడుతూ అతని లోపాలన్నీ కనిపెట్టి, 1934లో నిజంగానే ఓడించి పీఠం లాక్కొన్నాడు. మహమ్మద్ అలీ 1977లో తన కథలో తానే నటించాడు. 1980లో మద్రాసుకు వచ్చి ప్రదర్శనపోటీ కూడా ఆడాడు. వీళ్లందరిలోనూ నటుడు అనదగినవాడు మెక్‌లాగ్లెన్ ఒక్కడే. అతడు ఇంకొకడు కాగలిగాడు. టైసన్‌కు దొరికిన పాత్ర సాధారణంగా ఒక్కటే: మైక్ టైసన్.

1999లో 'బ్లాక్ అండ్ వైట్'లో తానుగానే కనిపించాడు. 2006లో 'రాకీ బల్బోవా'లో ఒక నిమిషం. 2008లో జేమ్స్ టోబాక్ తీసిన 'టైసన్' అనే చిత్రంలో కెమెరా ఎదుట కూర్చొని తన కథ తానే చెప్పాడు. డి అమాటో మాట వచ్చేసరికి గొంతు పూడుకొనిపోయి, మాట పెగలక, చాలాసేపు అలాగే ఉండిపోతాడు. నటన అనుకోను. చిన్నప్పుడు పిల్లలు వెక్కిరించిన ఆ నత్తిగొంతు, ఆ పలచటి స్వరం, అంత పెద్ద శరీరంలోనుంచి వస్తూంటే వినేవాడి మనస్సు కలుక్కుమంటుంది. తెరకు అతడు తెచ్చిన అసలు సామగ్రి కండలు కావు, ఆ గొంతు.

ప్రపంచమంతా అతణ్ణి నటుడుగా గుర్తించింది 2009 జూన్ 5న విడుదలైన 'ది హ్యాంగోవర్'తో. తాగినమత్తులో ఎవరో అతని పులిని ఎత్తుకొనిపోతారు. అతడు పాటకు గాలిలో డోలు వాయిస్తాడు, ఒకణ్ణి గుద్ది పడేస్తాడు, జనం విరగబడి నవ్వారు. అప్పటికి తాను మత్తుమందులకు బానిసనని, డబ్బుకోసమే ఒప్పుకొన్నానని తరువాత తానే చెప్పాడు. ఆ చిత్రం విడుదలకు పదిరోజుల ముందు, మే 26న, అతని నాలుగేళ్ల కూతురు ఇంట్లో జరిగిన ప్రమాదంలో కన్నుమూసింది. థియేటర్లలో జనం నవ్వుతున్న వారాలలో ఆ తండ్రి ఎక్కడ ఉన్నాడో, ఎలా ఉన్నాడో. నేను ఆ చిత్రాన్ని మొదటిసారి ఈ సంగతి తెలియకుండా చూశాను, రెండవసారి తెలిసి చూశాను. రెండూ ఒకే చిత్రం కావు.

2012లో స్పైక్ లీ దర్శకత్వంలో బ్రాడ్‌వే రంగస్థలం మీద ఒంటరిగా నిలబడి తన జీవితం చెప్పుకొన్నాడు. భార్య కూర్చిన మాటలవి. హరికథకు దగ్గరి ప్రక్రియ అనుకోండి, చిడతలు లేవు; హరి ఉన్నాడో లేడో చూసినవారు చెప్పాలి. 2014లో మొదలైన కార్టూన్ ధారావాహికలో అతని పక్కన ఒక మాటలాడే పావురం ఉంటుంది. 2015 నాటి 'ఇప్ మ్యాన్ 3'లో వేరొక పాత్ర, హాంకాంగ్‌లో భూములు మింగే అమెరికన్. డానీ యెన్‌తో సరిగ్గా మూడు నిమిషాలు, అంటే ఒక్క రౌండు, పోరాడతాడు. అక్కడ మాటలు తక్కువ, భుజాలు ఎక్కువ. క్యాట్స్‌కిల్ గోడమీద రీళ్లు చూసి నేర్చిన తల ఊపు యాభైకి దగ్గరపడిన ఒంట్లో ఇంకా కొంచెం మిగిలి ఉండడం చూడవచ్చు. నటుడుగా అతని మంచిపని నా దృష్టిలో అదే.

ఇక మన 'లైగర్'. మన చిత్రాలకు ఈ క్రీడతో పరిచయం లేకపోలేదు. 1999లో 'తమ్ముడు', 2003లో ఇదే పూరి జగన్నాథ్ తీసిన 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి', రెండింటిలోనూ కిక్ బాక్సింగ్. సుధ కొంగర తీసిన 2017 నాటి 'గురు'లో వెంకటేశ్ శిక్షకుడు, నిజజీవితంలో కిక్ బాక్సింగ్ చేసిన రితికా సింగ్ శిష్యురాలు; గురువు కోపిష్ఠి అయినా శిష్యురాలి మానానికి కాపు ఉన్నవాడు, క్యాట్స్‌కిల్ ముసలాయన చేయని పని చేసినవాడు. 'లైగర్' నాయకునికి నత్తి. మాట తడబడుతుంది, పిడికిలి తడబడదు. టైసన్ కథనే ఎవరో చెవిలో ఊదినట్లున్నదే అని ఆశపడ్డాను. నత్తి ఉన్న కుర్రవాడు, నత్తితోనే పెరిగి ప్రపంచాన్ని గెలిచి సర్వం పోగొట్టుకొన్న పెద్దవాడు. వీరిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అయిదు నిమిషాలు మాట్లాడించి ఉంటే తెలుగులో ఒక సన్నివేశం మిగిలేది. లాస్‌వేగాస్‌దాకా పోయి చిత్రీకరించి, అంతటి మనిషిని తెచ్చి, పరిహాసం చేసి పడగొట్టారు. అతనిలో మనకు వచ్చిందేమిటి?

ఇంకొక ఇబ్బంది కూడా దాచను. మా యింట్లో ఇద్దరు మనుమరాళ్లు ఉన్నారు. ఆ తెరమీద టైసన్ ప్రవేశించగానే పడిన ఈలల గూర్చి మనుమడు చెబుతూంటే ఇండియానాపోలిస్ విద్యార్థిని గుర్తుకువచ్చింది. శిక్ష అనుభవించినవాడికి కూడు పెట్టకూడదనే ధర్మం ఏ స్మృతిలోనూ లేదు, నేనూ చెప్పను. పని ఇవ్వవచ్చు, ఈల వేయాలా వద్దా అన్నది వేరే సంగతి. అదే 2022 మే నెలలో నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయివచ్చింది. ఆ ఏడు ఈలకు తగిన పిడికిలి తెలుగునేల మీద వేరే ఉన్నది.

టైసన్ 2013లో తన ఆత్మకథ వెలువరించాడు. 2017లో కేవలం డి అమాటోను గూర్చి ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. యాభై దాటిన శిష్యుడు, మూడు దశాబ్దాల క్రితం పోయిన గురువు మీద అంత పుస్తకం తేవడం ఏ భాషలోనైనా అరుదు. పావురాలను మాత్రం ఎన్నడూ వదలలేదు. 2011లో పావురాల పందేలను గూర్చిన ఒక టీవీ ధారావాహికలో కూడా అతణ్ణి చూశాం.

2024 నవంబరు 15న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో, 58 ఏళ్ల టైసన్, 27 ఏళ్ల జేక్ పాల్ అనే అంతర్జాల ప్రముఖునితో మళ్లీ గోదాలోకి దిగాడు. రెండేసి నిమిషాల ఎనిమిది రౌండ్లు. ప్రపంచమంతా ఇళ్లలో కూర్చొని చూసింది, మా మనుమడూ నేనూ మర్నాడు ఉదయం చూశాం. మొదటి రెండు రౌండ్లలో తల ఊపు ఉన్నది. మూడవ దానిలో కాళ్లు నిలిచిపోయినవి. మధ్యమధ్య తన చేతితొడుగునే పళ్లతో కొరుకుతూ ఉన్నాడు. ఎందుకని అడిగితే అలవాటన్నాడు. ఒక న్యాయనిర్ణేత 80-72, ఇద్దరు 79-73 అని ఓటమి ప్రకటించారు. చివరి రౌండు ముగియబోతూండగా కుర్రవాడు తలవంచి నమస్కారం వంటిది చేశాడు. టైసన్ చిన్నగా ఏదో అన్నాడు, ఆ జనఘోషలో మాకు వినపడలేదు.